బొగ్గు పగుళ్లలో మీథేన్ దారి

సింగరేణి బొగ్గు గనులున్న ఊళ్లలో రామగుండం ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోది. బెల్లంపల్లి, మందమర్రి ఆదిలాబాద్‌వి. 2016 అక్టోబర్ 11 తర్వాత ఇవి పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల్లోకి వెళ్లాయి. పాత ప్రశ్నపత్రాలు తిరగేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. సింగరేణి బొగ్గు గోండ్వానా శిలల్లో, ముఖ్యంగా బరాకర్ పొరల్లో దొరుకుతుంది.

బొగ్గుపెళ్లను వెలుతురులో తిప్పి చూస్తే సుమారు లంబకోణంలో కలిసే సన్నటి గీతలు కనిపిస్తాయి. అవే క్లీట్లు. మీథేన్ ఎక్కువగా బొగ్గులోని సూక్ష్మరంధ్రాల గోడలను అంటిపెట్టుకుని ఉంటుంది. దీన్ని అధిశోషణం అంటారు. పీడనం తగ్గితే అది విడివడి క్లీట్ల దారి పడుతుంది. పైనున్న రాతి బరువు ఆ దారిని నొక్కిపెడుతుంది. పగులు వెడల్పు సగమైతే ప్రవాహం సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది (ఘన నియమం). చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే!

అడ్రియాల లాంటి లాంగ్‌వాల్ గనిలో బొగ్గు తీశాక వెనక పైకప్పు కూలుతుంది. చుట్టుపక్కల ఒత్తిడి సడలిన చోట పగుళ్లు తెరుచుకుని వాయువు బయటికొస్తుంది. అందుకే గాలి సరఫరాకు అంత ప్రాధాన్యం. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు ఆపేయాలి; 5 నుంచి 15 శాతం మధ్య అది పేలుతుంది. సేఫ్టీ ల్యాంపు (డేవీ, 1815) వత్తి తగ్గించినప్పుడు మంటపై లేత నీలి టోపీ కనిపిస్తే అది మీథేన్ జాడే.