పికప్ వెనక ఎంత బరువు లాగొచ్చు? బ్రోచర్ అంకె పక్కన పెట్టి డోర్ స్టిక్కర్ చూడండి

డాలస్‌లో ఉండే మా బావ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ తీసుకున్నాడు. ఇప్పుడు దాని వెనక తగిలించుకోవడానికి ట్రావెల్ ట్రైలర్ కొంటానంటున్నాడు. మంచాలు, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉన్న చక్రాల ఇల్లు అన్నమాట. "బామ్మర్దీ, ఫోన్ల స్పెక్స్ అన్నీ చీల్చి చెబుతావుగా, దీని లెక్క కూడా చూసిపెట్టు" అని రెండు బ్రోచర్లు పంపాడు. ఈ వేసవికి గుణదల నుంచి మా అమ్మానాన్న అక్కడికి వెళ్తున్నారు. ఆ పికప్ వెనక సీట్లో కూర్చుని కొలరాడో కొండలెక్కేది వాళ్ళే. అందుకే లెక్క కొంచెం గట్టిగానే చేశాను.

బ్రోచర్ ప్రకారం బావ బండి 11,000 పౌండ్లు లాగుతుంది. అంటే దాదాపు 5 టన్నులు. ఆయన మనసు పడ్డ ట్రైలర్ ఖాళీ బరువు 6,200 పౌండ్లు. "సగం కంటే కాస్త ఎక్కువ, అంతేగా" అన్నాడు. అంతే కాదు.

ఫోన్ల ప్రకటనల్లో "అప్ టు" అనే మాట మనకు బాగా అలవాటే. ఈ 11,000 కూడా అలాంటిదే. అబద్ధమని కాదు. అమెరికాలో కంపెనీలు ఎక్కువగా ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించే ఆ అంకె ఇస్తాయి. పరీక్ష కూడా గట్టిదే. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11 మైళ్ళకు పైగా సాగే ఎత్తు రోడ్డు ఉంది. ఎండలో, ఏసీ ఫుల్లుగా పెట్టి, ట్రైలర్ లాగుతూ ఆ ఎత్తు ఎక్కాలి, వేగం గంటకు 40 మైళ్ళ కంటే తగ్గకూడదు. మనకు కొండెక్కడమంటే దుర్గమ్మ గుడి ఘాట్ రోడ్డే కదా, అలాంటివి ఎన్నో వరసగా పేర్చినట్టు ఊహించుకోండి. కానీ ఆ లెక్కలో ట్రక్కులో ఉండేది 150 పౌండ్ల చొప్పున ఇద్దరు మనుషులు, హిచ్ సామాను, అంతే. పిల్లాడు, తాతయ్య, అమ్మమ్మ, కూలర్, పచ్చడి జాడీలు ఆ పరీక్షలో ఉండవు.

అసలు లిమిట్ ఎక్కడుందంటే

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభానికి పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ ఒకటి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు దాటకూడదని దాని మీద రాసుంటుంది. అదే పేలోడ్. ఒకే మోడల్‌లో కూడా బండి బండికీ ఇది మారుతుంది. సన్‌రూఫ్, పెద్ద సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ లాంటివి ఎక్కేకొద్దీ పేలోడ్ తగ్గుతుంది. 128 జీబీ ఫోన్ కొంటే సిస్టమ్ ముందే కొంత తినేసినట్టు. అందుకని వేరే ఎవరిదో ఎఫ్-150 చూసి లెక్క వేయకూడదు, మన డోర్ మీద ఉన్నదే చూడాలి. బావ స్టిక్కర్ మీద 1,600 పౌండ్లు ఉంది, అంటే సుమారు 725 కిలోలు.

ట్రైలర్ వెనక దాని చక్రాల మీద ఉంటే ట్రక్కు పేలోడ్‌తో పనేంటి అని మీకు అనిపించొచ్చు. ఎడ్లబండి గుర్తు తెచ్చుకోండి. ఎంత బరువు వేసినా ఎక్కువ భాగం చక్రాల మీదే ఉంటుంది, కొంత మాత్రం కాడి మీద పడుతుంది. బరువంతా వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది. మరీ ముందుకు వేస్తే ఎడ్ల మెడలు కుంగిపోతాయి. ట్రైలర్‌లో ఆ కాడి బరువునే టంగ్ వెయిట్ అంటారు. ట్రావెల్ ట్రైలర్‌కి ఇది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 10 కంటే తగ్గితే హైవే స్పీడ్‌లో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. పెద్ద లారీ పక్కనుంచి దూసుకెళ్ళినప్పుడు తగిలే గాలి చాలు, ఊపు పెరుగుతూ పోయి ట్రక్కుని కూడా లాగేస్తుంది. 15 దాటితే ట్రక్కు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ పట్టు పోతుంది. నేను మధ్యలో 13 శాతం తీసుకున్నాను.

ఈ టంగ్ వెయిట్ మొత్తం పేలోడ్‌లోనే లెక్క.

బావ బండి లెక్క

మనుషులు: బావ 180, అక్క 140, మేనల్లుడు 50, నాన్న 160, అమ్మ 130. మొత్తం 660 పౌండ్లు. ట్రక్కు వెనక తొట్టిలో కూలర్, మడత కుర్చీలు, గ్రిల్లు, సూట్‌కేసులు కలిపి 200. బరువుని ముందు చక్రాలకు కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వేస్తున్నాడు, దాని సొంత బరువు 90. అది బరువుని సర్దుతుంది తప్ప స్టిక్కర్ మీద అంకెని పెంచదు. కొందరు డీలర్లు పెంచుతుందన్నట్టు మాట్లాడతారు, నమ్మొద్దు.

660, 200, 90 కలిపితే 950. 1,600లో అది పోతే మిగిలింది 650. దాన్ని 0.13తో భాగిస్తే సరిగ్గా 5,000. అంటే 11,000 లాగే బండికి, ఈ కుటుంబం కూర్చున్నాక, నిండుగా సర్దిన ట్రైలర్ 5,000 పౌండ్లు దాటకూడదు.

నిండుగా సర్దిన అన్న మాట ముఖ్యం. బ్రోచర్‌లో వేసే డ్రై వెయిట్ జీఎస్టీ కలపని ధర లాంటిది. 40 గ్యాలన్ల నీళ్ళ ట్యాంక్ నింపితేనే 334 పౌండ్లు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, పక్కబట్టలు, గిన్నెలు, బియ్యం అన్నీ ఎక్కాక బావ చూసిన ట్రైలర్ సులువుగా 7,200కి చేరుతుంది. అందులో 13 శాతం 936. దానికి 950 కలిపితే 1,886, స్టిక్కర్ కంటే 286 పౌండ్లు ఎక్కువ. చూడటానికి మాత్రం 11,000లో 65 శాతమే!

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఒకటిని 0.13తో భాగిస్తే 7.7 వస్తుంది. అంటే ట్రక్కులో పెట్టే ప్రతి పౌండు, లాగగలిగే ట్రైలర్‌లో 7.7 పౌండ్లు తినేస్తుంది. అదే తిరగేస్తే, తొట్టిలోని ఆ 200 పౌండ్ల సామాను ట్రైలర్‌లోకి మారిస్తే లిమిట్ 5,000 నుంచి దాదాపు 6,500కి పోతుంది. ఆ 200 ట్రైలర్ బరువులో కలుస్తుంది అనుకున్నా లాభమే. కాకపోతే దాన్ని ట్రైలర్ ఇరుసుకి దగ్గరగా, కింద సర్దాలి. వెనక గోడ దగ్గర పడేస్తే కాడి లేచిన బండే.

ట్రక్కు, ట్రైలర్ కలిపిన మొత్తం బరువు లిమిట్, ఇరుసు లిమిట్లు, హిచ్ మీద అచ్చేసిన లిమిట్ కూడా చూడాలి. వీటిలో ఏది ముందు దాటితే అదే మీ అసలు లిమిట్. బావ కేసులో పేలోడే ముందొచ్చింది. ఈ సైజు పికప్‌లలో ఎక్కువగా జరిగేది ఇదే. కొలరాడోలో ఐ-70 రోడ్డు 11,000 అడుగుల ఎత్తు దాటుతుంది, అక్కడ గాలి పల్చన కాబట్టి టర్బో లేని ఇంజిన్ల బలం బాగా తగ్గుతుంది. అందుకని అంచు దాకా నింపొద్దని నా సలహా.

కాగితం లెక్క అయ్యాక కాటా

అమెరికాలో ట్రక్కులు ఆగే చోట క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. వే మై ట్రక్ అనే యాప్‌తో ఫోన్లోనే బరువుల చీటీ వస్తుంది. ముందు అందరూ కూర్చుని ట్రక్కు ఒక్కటే తూయించాలి. తర్వాత హిచ్ బార్లు బిగించకుండా ట్రైలర్ తగిలించి తూయించాలి. రెండోసారి ట్రక్కు చక్రాల మీద ఎంత పెరిగిందో అదే టంగ్ వెయిట్. దానికి ట్రైలర్ చక్రాల బరువు కలిపితే మొత్తం ట్రైలర్. మన ఆటోనగర్ వైపు వేబ్రిడ్జి మీద కూడా ఇది చేయొచ్చు, ట్రైలర్ చక్రాలు ప్లాట్‌ఫామ్ బయట ఉండేలా ఆపితే సరిపోతుంది. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటి పికప్ ఉన్నవాళ్ళు ఓనర్స్ మాన్యువల్‌లో బ్రేకులున్న ట్రైలర్‌కి, లేనిదానికి లిమిట్లు వేరుగా ఇచ్చారేమో చూసుకోండి. మన చట్టంలో ట్రైలర్ విడిగా ఒక వాహనం, దానికి రిజిస్ట్రేషన్ కూడా విడిగానే.

బావ ఇప్పుడు డ్రై వెయిట్ 4,000 దగ్గర ఉన్నవే వెతుకుతున్నాడు. మంచాలు తక్కువైతే అమ్మానాన్నకు లోపల, తనకు బయట టెంట్ అట. వచ్చే వారం ట్రైలర్ టైర్ల ప్రెషర్‌ని ఫోన్‌కి పంపే సెన్సర్లు రెండు బ్రాండ్లవి పోల్చి రాస్తాను, అవి కూడా ఆయనే తెప్పించాడు.