పేర్లలో విశాఖ

పాఠ్యభాగ ఉద్దేశం

ఊళ్ళ పేర్లు, పేటల పేర్లు కేవలం చిరునామాలు కావు. ఒక ప్రాంతపు నేల, నీరు, వృత్తులు, వలసలు, పోరాటాలు ఆ పేర్లలో దాగి ఉంటాయి. విశాఖపట్నంలోని పేటల పేర్లను ఆధారంగా చేసుకొని, ప్రజలు తాము నివసించే చోటును ఎలా గుర్తిస్తారో, ఎలా పేరు పెట్టుకుంటారో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఏ నగరానికైనా రెండు పటాలుంటాయి. ఒకటి ప్రభుత్వ కార్యాలయాలలో గోడకు వేలాడే పటం. దానిలో గీతలు, సరిహద్దులు, వార్డుల అంకెలు ఉంటాయి. రెండవది ప్రజల నాలుకల మీద ఉండే పటం. దానికి గీతలు లేవు, పేర్లు మాత్రమే ఉన్నాయి. విశాఖపట్నానికి 1979లో నగరపాలక సంస్థ ఏర్పడింది. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, చుట్టుపక్కల గ్రామాలను కలిపి దానిని మహా విశాఖ నగరపాలక సంస్థగా విస్తరించారు. 2021 ఎన్నికల నాటికి నగరాన్ని 98 వార్డులుగా విభజించారు. అయినా ‘మీరెక్కడ ఉంటారు?’ అని అడిగితే విశాఖవాసి వార్డు సంఖ్య చెప్పడు. ‘అక్కయ్యపాలెం’ అనో, ‘మర్రిపాలెం’ అనో, ‘పెదవాల్తేరు’ అనో చెబుతాడు. ఈ రెండవ పటాన్ని చదవడం నేర్చుకుంటే నగర చరిత్రను చదివినట్లే.

ఊళ్ళ పేర్లను శాస్త్రీయంగా పరిశీలించే విద్యను నామవిజ్ఞానం అంటారు. తెలుగులో ఈ విషయంపై విశ్వవిద్యాలయాలలో చక్కని కృషి జరిగింది. ప్రసిద్ధ కథకులు కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ళ పేర్లపై పరిశోధన చేసి డాక్టరేటు పట్టా పొందారు. ఊరి పేరును సాధారణంగా రెండు భాగాలుగా విడదీస్తారు. మొదటి భాగం పూర్వపదం, రెండవ భాగం ఉత్తరపదం. ‘కంచరపాలెం’ అన్న పేరులో ‘కంచర’ పూర్వపదం, ‘పాలెం’ ఉత్తరపదం. ఉత్తరపదం అది ఎటువంటి చోటో చెబుతుంది. పూర్వపదం దానిని తక్కిన చోట్ల నుండి వేరు చేస్తుంది.

ముందుగా నగరం పేరునే తీసుకుందాం. ‘పట్నం’ అన్న ఉత్తరపదం తీరప్రాంతపు వర్తక స్థానాల పేర్లలో తరచుగా కనిపిస్తుంది. మచిలీపట్నం, కృష్ణపట్నం, భీమునిపట్నం ఇందుకు ఉదాహరణలు. పూర్వపదం గురించి జనశ్రుతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. తీరాన ఒకప్పుడు విశాఖేశ్వరాలయం ఉండేదని, అది సముద్రంలో కలిసిపోయిందని ఒక కథ. పాతనగరంలో దర్గా వెలసిన ఇసాక్ మదనీ అనే సూఫీ మహనీయుని పేరు మీదుగా ‘ఇసాకపట్నం’ అన్న పేరు వచ్చిందని మరొక కథ. కులోత్తుంగ చోళుని కాలపు శాసనాలలో ఈ పట్టణానికి ‘కులోత్తుంగచోడపట్టణం’ అనే మరొక పేరు కూడా కనిపిస్తుంది. చక్రవర్తి పేరు శాసనంలోనే ఉండిపోయింది. జనం పలికిన పేరు జనంలో నిలిచింది. ఆంగ్లేయుల నోట ‘వైజాగపటం’ అయిన మాటలోని మొదటి సగమే నేటి ‘వైజాగ్’.

నేల చెప్పిన పేర్లు

విశాఖ కొండలకు, కడలికి నడుమ ఉన్న నగరం. అందువల్ల ఇక్కడి పేర్లలో నీటికి, నేలకు సంబంధించిన మాటలు ఎక్కువ. ‘వాక’ అంటే ఏరు. గాజువాక, హనుమంతవాక అన్న పేర్లలో ఉన్నది ఈ మాటే. ‘ధార’ అంటే కొండ మీది నుండి జాలువారే నీరు. సీతమ్మధార, మాధవధార అన్న పేర్లు కొండవాలు ప్రాంతాలకు ఉండటం సహజమే కదా! ‘గెడ్డ’ అంటే ఉత్తరాంధ్ర వాడుకలో చిన్న ఏరు. మేఘాద్రిగెడ్డ జలాశయం పేరులో అది నిలిచి ఉంది. ‘లోవ’ అంటే లోయ. ముడసర్లోవ అందుకు ఉదాహరణ. ‘మెట్ట’ అంటే ఎత్తయిన నేల. ఆశీలుమెట్ట అన్న పేరులో ఈ మాటకు ముందు ‘ఆశీలు’ చేరింది. ఆశీలు అంటే సుంకం. నేడు అక్కడ సుంకం చెల్లించే పని లేకపోయినా మాట మిగిలింది.

ఈ మాటల అర్థం మరచిపోవడం చిన్న నష్టం కాదు. ‘వాక’, ‘గెడ్డ’ అన్న పేర్లు నీటి దారులను గుర్తుచేసే పాత హెచ్చరికలు. ఇళ్ళు కట్టేవారు, వీధులు వేసేవారు ఆ పేర్లను అర్థంతో సహా వింటే నీటికి దారి వదలాలన్న ఆలోచన కలుగుతుంది.

మనుషులు చెప్పిన పేర్లు

విశాఖలో ఎక్కువగా వినిపించే ఉత్తరపదం ‘పాలెం’. పూర్వం సేనలు విడిసిన చోటును పాలెం అనేవారు. తరువాత పెద్ద ఊరిని ఆనుకొని వెలసిన చిన్న పల్లెకు ఆ మాట స్థిరపడింది. అక్కయ్యపాలెం, మద్దిలపాలెం, వెంకోజీపాలెం, శివాజీపాలెం, కూర్మన్నపాలెం మొదలైనవన్నీ ఈ వరుసలోనివే. తాటిచెట్లపాలెం, మర్రిపాలెం, కొబ్బరితోట, ఇసుకతోట వంటి పేర్లు ఆయా చోట్ల ఒకనాటి చెట్టుచేమలను, నేల స్వభావాన్ని తలపునకు తెస్తాయి.

తెలుగువారు ఒకే పేరు గల రెండు పల్లెలను ‘పెద’, ‘చిన’ అనే విశేషణాలతో వేరు చేయడం పాత అలవాటు. పెదవాల్తేరు, చినవాల్తేరు, పెదగంట్యాడ, చినగంట్యాడ, పెదగదిలి, చినగదిలి అన్న జంటలు నగరమైనా పల్లె పద్ధతిని వదలలేదని తెలుపుతున్నాయి.

వృత్తులను తెలిపే పేర్లు మరికొన్ని. జాలరిపేట మత్స్యకారులది. కంచు, ఇత్తడి పనివారిని సూచించే మాట కంచరపాలెంలో ఉంది. 2018లో విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ చలనచిత్రం ఈ పేటను తెలుగువారందరికీ పరిచయం చేసింది. ఇటువంటి పేర్ల విషయంలో ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. వృత్తి పేరు కులం పేరుగా మారి, ఆ పేటలో నివసించేవారిని తక్కువగా చూడటానికి కారణమైతే ఆ పేరును కాపాడాలా, మార్చాలా? మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో కులాల పేర్లు గల నివాసప్రాంతాల పేర్లు మార్చాలని నిర్ణయించింది. చరిత్రను కాపాడటం ఎంత అవసరమో మనిషి గౌరవాన్ని కాపాడటం అంతకంటే అవసరం. అయితే ఆ నిర్ణయం ఆ పేటవారి నోటి నుండి రావడం న్యాయం.

రేవు, ఉక్కు చెప్పిన పేర్లు

1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. 1941లో సింధియా నౌకా సంస్థ ఓడల నిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన ‘జల ఉష’ అనే ఓడను 1948లో పండిట్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారింది. సంస్థ చేతులు మారినా ఆ ప్రాంతాన్ని జనం నేటికీ ‘సింధియా’ అనే పిలుస్తున్నారు. బి.హెచ్.పి.వి. సంస్థ 2013లో మరొక సంస్థలో విలీనమైనా పాత పేరు చెరగలేదు. నౌకాదళ ఆయుధాగారం ఇచ్చిన పొడి అక్షరాలు ‘ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు’ అయ్యాయి. 1970లో వెలసిన జగదాంబ సినిమాహాలు ఒక పెద్ద కూడలికే పేరైంది. నాలుగు దారులు కలిసే చోటును విజయవాడవారు ‘సెంటర్’ అంటే, హైదరాబాదువారు ‘చౌరస్తా’ అంటే, విశాఖవారు ‘జంక్షన్’ అంటారు. ఇక ‘కాంప్లెక్స్’ అంటే విశాఖలో ఒకటే అర్థం: ఆర్.టి.సి. బస్సు నిలయం.

ఉక్కు కర్మాగారం కథ వేరు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు అర్పించారు. 1970 ఏప్రిల్ 17న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. ఉద్యోగుల కోసం వెలసిన నివాసప్రాంతానికి ‘ఉక్కునగరం’ అని అచ్చమైన తెలుగు పేరు పెట్టారు. ఆ కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలవారు భూములు వదిలారు. వారిలో అనేకులు గాజువాక పరిసరాలలోని పునరావాస కాలనీలకు చేరారు. గ్రామాలు పోయినా కొన్ని పేర్లు మిగిలాయి. కణితి అన్న పేరు కర్మాగారానికి నీరందించే జలాశయానికి నిలిచింది. అప్పికొండ పేరు సోమేశ్వరాలయంతో పాటు వినిపిస్తూనే ఉంది. కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలని 2021లో కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించినప్పుడు విశాఖ వీధులలో మళ్ళీ పాత నినాదమే వినిపించింది. పేరుతో పాటు హక్కు కూడా జ్ఞాపకంలో ఉంటుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

మారుతున్న పేర్లు

పేర్లు పొట్టివి కావడం నేటి ధోరణి. మువ్వలవానిపాలెం ‘ఎం.వి.పి.’ అయింది. పోతినమల్లయ్యపాలెం ‘పి.ఎం. పాలెం’ అయింది. రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఎదుటి తీరం ‘ఆర్.కె. బీచ్’ అయింది. పలకడానికి ఇవి సులువే. కాని పొడి అక్షరాల వెనుక ఉన్న పూర్తి పేరు తెలియని తరం వస్తే మువ్వలవారు, పోతిన మల్లయ్య పూర్తిగా మరుగున పడతారు.

వాల్తేరు మాట మరింత విచిత్రమైనది. ఆంగ్లేయులు ఎత్తయిన వాల్తేరు ప్రాంతంలో నివాసాలు ఏర్పరచుకొని దానిని ‘వాల్టేర్’ అని పలికారు. 1926లో బెజవాడలో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలివచ్చింది. 1987లో వాల్తేరు రైల్వేస్టేషను విశాఖపట్నం స్టేషను అయింది. 2025లో వాల్తేరు రైల్వే డివిజనును విశాఖపట్నం డివిజనుగా మార్చడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ‘వాల్టేర్’ వలసపాలన వారసత్వమని అందుకు కారణం చెప్పారు. పలుకుబడి ఆంగ్లేయులదే కావచ్చు. కాని పెదవాల్తేరు, చినవాల్తేరు గ్రామాల పేర్లు తెలుగువారి నోటివి. పరాయి ఉచ్చారణను తొలగించడం వేరు, దాని కింద ఉన్న మన పల్లె పేరును మరచిపోవడం వేరు. ఈ రెంటి భేదం గ్రహించాలి.

విద్యార్థులు తాము నివసించే పేట పేరును ఒకసారి పూర్వపదంగా, ఉత్తరపదంగా విడదీసి చూడాలి. అర్థం తెలియకపోతే ఇంట్లో తాతయ్యను, అమ్మమ్మను అడగాలి. వారు చెప్పే కథలలో కొన్ని చరిత్ర కాకపోవచ్చు. అయినా ఒక చోటును జనం ఎలా ప్రేమించారో ఆ కథలు చెబుతాయి. పేరు తెలిసిన నేల మీద నడిచేవాడు ఆ నేలకు పరాయివాడు కాడు.

కఠిన పదాలు – అర్థాలు

జనశ్రుతి = ప్రజలు చెప్పుకొనే మాట
ఉత్తరపదం = సమాసంలో రెండవ పదం
సుంకం = పన్ను
కూడలి = దారులు కలిసే చోటు
శంకుస్థాపన = నిర్మాణానికి పునాది వేయడం
పునరావాసం = తిరిగి నివాసం కల్పించడం
నిదర్శనం = ఉదాహరణ, రుజువు

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విశాఖలోని పేటల పేర్లు ఆ ప్రాంతపు నేలను, నీటిని ఎలా తెలుపుతున్నాయి?
2. పరిశ్రమల వలన విశాఖలో ఏర్పడిన పేర్లను గురించి వివరించండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘పాలెం’ అన్న మాట అర్థం ఎలా మారింది?
2. విశాఖపట్నం అన్న పేరుకు గల జనశ్రుతులేవి?
3. వృత్తులను తెలిపే పేర్ల విషయంలో రచయిత అభిప్రాయమేమిటి? దానితో మీరు ఏకీభవిస్తారా?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. చక్రవర్తి పేరు శాసనంలోనే ఉండిపోయింది.
2. పేరుతో పాటు హక్కు కూడా జ్ఞాపకంలో ఉంటుంది.

ఈ. ప్రాజెక్టు పని: మీ ఊరిలోని పది వీధుల లేదా పేటల పేర్లు సేకరించి, నేల, వృత్తి, వ్యక్తి, సంస్థ అనే నాలుగు విభాగాలుగా వర్గీకరించండి.