ఫోర్ లేన్ వచ్చేదాకా ఆగొద్దు: కొత్త ఏఈఈలకు

ఆర్ అండ్ బీలో కొత్తగా చేరిన ఏఈఈని ఊళ్లవాళ్లు మొదట అడిగేది ఫోర్ లేన్. అది భూసేకరణతో ముడిపడిన పని, మీ చేతిలో లేదు. మెయింటెనెన్స్ గ్రాంటుతో ఈ ఏడాదే చేయగలిగినవి మీ రెండు వరసల రోడ్డు మీదే ఉన్నాయి.

ఎస్టిమేట్ రాసే ముందు, వరి కోతల రోజుల్లో సాయంత్రం పూట బైక్ మీద రోడ్డంతా తిరగండి. బండ్లు బారులు తీరే చోట్లు కిలోమీటరు రాళ్ల లెక్కన రాసుకోండి. బారు ముందు చాలాసార్లు ధాన్యం ట్రాక్టరో చెరకు ట్రాక్టరో ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ 64 ప్రకారం ట్రాలీతో ఉన్న ట్రాక్టర్ నాలుగున్నర కార్లకు సమానం. లారీ అయినా మూడింటికే. ఆ డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు. తారు అంచు పక్కన బెర్ము జానెడు లోతు కోసుకుపోతే లోడుతో ఎలా దిగుతాడు? అందుకే మొదటి రూపాయి బెర్ములకే పెట్టండి. గ్రావెల్ పోయించి, తడిపి, రోలర్ తొక్కించి, తారు అంచుకు సమం చేయించండి. బయటికి వాలు ఇవ్వకపోతే మొదటి వానకే పోతుంది. నిధులు దొరికితే రెండు పక్కలా కనీసం ఒకటిన్నర మీటర్లు తారు వేయించండి; అప్పుడు రోడ్డు సామర్థ్యాన్ని 15 శాతం ఎక్కువగా లెక్కించవచ్చని అదే ఐఆర్‌సీ చెబుతోంది. ఈఈ ముందు పెట్టడానికి ఇంతకంటే గట్టి వాదన లేదు.

తర్వాత సర్కారు తుమ్మ. మలుపు లోపలి వైపు కొట్టిస్తే ఎదురుబండి కనిపిస్తుంది. అయితే గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఓవర్‌టేక్ చేయాలంటే 470 మీటర్ల చూపు కావాలి. అంత దూరం కనిపించని చోట మధ్యగీత తెంపు లేకుండా గీయించండి. ఒక డబ్బా పెయింటుకు మనిషి ప్రాణం కాపాడే శక్తి ఉంది.

కూడలిలోనే ఆగే ఆర్టీసీ బస్సు వెనుక అన్నీ ఆగిపోతాయి. డిపో మేనేజర్‌తో మాట్లాడి, స్టాపును కూడలి దాటాక బెర్ము వెడల్పున్న చోటికి జరిపించండి. ఊళ్లవాళ్లు స్పీడ్ బ్రేకర్ అడిగితే, వచ్చి కలిసే ఊరి దారి మీద వేయించండి. బడి ముందు మాత్రం వేగం తగ్గి తీరాలి; అక్కడ బోర్డులు, రంబుల్ స్ట్రిప్‌ల విషయంలో రాజీ పడొద్దు.

రోడ్డు మీద ధాన్యం ఆరబోత కష్టమైన సంగతి. చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రిపూట బైకుల మీద వెళ్లేవాళ్లను బలి తీసుకుంటాయి. కానీ రైతుకు వేరే చోటు చూపకుండా కేసులు పెట్టించడం అన్యాయం. కోతలకు నెల ముందే సర్పంచ్‌ను, తహసీల్దార్‌ను కలిసి ఖాళీ స్థలం అడగండి. చివరగా, రోడ్డు పని మొదలయ్యే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి మీ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు బస్సు తీసుకునే సమయం రాసి ఉంచండి. వచ్చే ఏడాది గ్రాంటు అడిగేటప్పుడు ఆ కాగితం జత చేయండి.