చెట్టు లేని సీమ

వేసవి మధ్యాహ్నమున సికింద్రాబాదు స్టేషను ఎదుటి తారురోడ్డును దాటి, కంటోన్మెంటులోని చెట్ల నీడకు చేరిన బాటసారి "అమ్మయ్య!" యని సేదదీరును. సూర్యుడొక్కడే, ఊరొక్కటే; ఈ భేదమెట్లు కలిగెను?

నీడ యొక కారణము. రెండవది కంటికి గానరాదు. చెట్టు వేళ్లతో పీల్చిన నీటిని ఆకులలోని సూక్ష్మరంధ్రములగుండ ఆవిరిగా విడుచును. దీనిని బాష్పోత్సేకమందురు. నీరు ఆవిరియగుటకు కావలసిన వేడిని పరిసరములనుండియే గ్రహించును. కావున గాలి చల్లబడును. మట్టికుండలో నీరు చల్లనగుటయు ఈ న్యాయముననే. చెట్టు లేనిచోట ఆ వేడి యంతయు నేలను, గాలిని కాచును.

నగరమున చెట్టు పోయిన సుఖము తగ్గును. మెట్టసీమలో బ్రతుకుదెరువే పోవును. ఇచటినుండి బెంగుళూరునకు పోవు దారిలో అనంతపురము జిల్లా కలదు. నైరృతి ఋతుపవనములు తెచ్చు నీటిలో అధికభాగము పడమటి కనుమలపైననే కురియుటచే, అచటి సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ లోటు ప్రకృతి చేసినది. చెట్లు నాటినంతనే ఋతుపవనములు దారి మార్చుకొనవు. అయినను, కురిసిన ఆ కొద్ది వాన నిలుచుటయు పోవుటయు పచ్చదనముపై ఆధారపడియుండును.

పచ్చికయు పొదలును ఉన్నచోట చినుకుల తాకిడి తగ్గును. వేళ్లు గుల్లపరచిన నేలలో నీరింకును. గొడ్డలికిని, మితిమీరిన మేతకును అవి బలియైనచో, వాననీరు మట్టిని గూడ కొనిపోవును. నేల త్వరగా ఎండును. ఎండిన నేల అధికముగా కాగును. కాగిన నేలలో మొలక నిలువదు. ఇట్లు కరవు కరవునే కనును. ఆ జిల్లాలోని కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో వేదవతీనది యిసుక గాలికెగిరి పొలములపై మేటలు వేసినది. గాలిని అడ్డగించు చెట్లు లేనిచోట ఇసుకకు ఎదురేమున్నది?

అయినను ఈ కీడు తీరరానిది కాదు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని చెన్నేకొత్తపల్లి చెంత, 1990 ప్రాంతమున టింబక్టు కలెక్టివ్ అను సంస్థవారు 32 ఎకరముల బీడును తీసికొని, నిప్పునుండియు మేతనుండియు కాపాడిరి. నేలలో మిగిలిన వేళ్లే మరల చిగిర్చెను. పచ్చదనము తిరిగి వచ్చెను.

బాలబాలికలారా! ముప్పదియేండ్ల వేపచెట్టును నరకుటకు ఒక పూట చాలును. ఆ నీడను మరల పొందవలెనన్న, నేడు ఎనిమిదవ తరగతి చదువుచున్న మీరు నలువదియేండ్లు దాటవలెను.