వాయిదా తప్పకముందే వెళ్ళి మాట్లాడండి

ఉద్యోగం పోవచ్చు. జీతంలో కోత పడవచ్చు. ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలైతే ఏళ్ళ తరబడి దాచుకున్నది నెల తిరిగేసరికి హరించుకుపోవచ్చు. ఇవేవీ మన చేతిలో ఉండవు. ఆ తర్వాత కట్టాల్సిన ఈఎంఐ గురించి అప్పిచ్చినవాళ్ళతో ముందుగా మాట్లాడటం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది. చాలామంది ఇక్కడే వెనకడుగు వేస్తారు. ఫోనెత్తరు. బ్రాంచి ఉన్న వీధిలోంచి నడవరు. చేబదుళ్ళు తెచ్చి ఒక నెల గట్టెక్కుతారు, రెండో నెల మునుగుతారు. అడిగితే పరువు పోతుందని భయం. నిజానికి ముఖం చాటేసిన రోజు నుంచే పరువు కరగడం మొదలవుతుంది.

బ్యాంకుకూ అవసరమే

మీ అప్పు మొండి బాకీగా మారడం బ్యాంకుకూ నష్టమే. అలా మారితే తన లాభంలోంచి కొంత సొమ్ము పక్కన పెట్టాలి, వసూలుకు మనుషుల్ని పురమాయించాలి, కోర్టుల చుట్టూ తిరగాలి. తగ్గిన వాయిదా అయినా నెలనెలా వస్తుంటే దానికీ మేలు. ఈ సంగతి తెలిసి వెళ్తే మీ మాటలో తడబాటు తగ్గుతుంది. అయితే వాయిదా తగ్గించి తీరాలని పట్టుబట్టే హక్కు మనకు లేదు. ఒప్పుకోవడం, మానడం వాళ్ళ ఇష్టం. కాబట్టి ఒప్పించడానికి సిద్ధమై వెళ్ళాలి.

రోజుల లెక్క తెలుసుకోండి

వాయిదా తప్పిన నాటి నుంచి మీ ఖాతా మీద లెక్క మొదలవుతుంది. మొదటి 30 రోజులు ఒక దశ, 60 వరకు రెండోది, 90 వరకు మూడోది. 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఇల్లు తాకట్టులో ఉంటే ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు రావచ్చు. అప్పుడు కూడా మీ అభ్యంతరం రాసివ్వొచ్చు, బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. కానీ అక్కడిదాకా రానివ్వకండి. “ఇంతవరకు ఒక్క వాయిదా తప్పలేదు” అన్న మాటకు ఈరోజు ఉన్న బరువు నాలుగు నెలల తర్వాత ఉండదు.

ముందు ఇంట్లో లెక్క తేల్చండి

భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక తెల్లకాగితం మీద రాయండి. ఒకవైపు ఇప్పుడు నిజంగా వస్తున్న రాబడి. మరోవైపు తప్పనిసరి ఖర్చులు: అద్దె, బియ్యం, పప్పులు, పిల్లల ఫీజులు, మందులు, కరెంటు బిల్లు. మిగిలినదాంట్లో అత్యవసరానికి కొంత ఉంచి, తక్కినది అప్పులకు పంచండి. తలదాచుకునే ఇంటికి, అన్నం పెట్టే ఆటోకో కుట్టుమిషనుకో తీసుకున్న అప్పు ముందు వరుసలో ఉండాలి.

అలా వచ్చిన అంకెను ఆశతో పెంచకండి. ఎనిమిది వేలు కడతానని చెప్పి ఐదు వేలు తెచ్చినవాణ్ణి మళ్ళీ నమ్మరు. ఐదు వేలని చెప్పి ఆరు నెలలు ఐదు వేలూ కట్టినవాడి మాట రెండోసారీ వింటారు.

ఆ కాగితానికి రుజువులు జోడించండి. ఉద్యోగం పోయినట్టు లేఖ, తగ్గిన జీతం స్లిప్పు, ఆసుపత్రి బిల్లులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గరుంటే మీ కష్టాన్ని వేరే వివరించనక్కర్లేదు.

ఏం అడగాలో తేల్చుకోండి

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. బ్యాంకును అంకెతో సహా అడగాలి. కొన్ని నెలలు వాయిదాలు ఆపమనవచ్చు, గడువు పెంచి ఈఎంఐ తగ్గించమనవచ్చు, వడ్డీ రేటు తగ్గించమనవచ్చు, ఆలస్యానికి వేసిన అపరాధ రుసుము మాఫీ చేయమనవచ్చు. ప్రతి కోరికకూ ఒక ఖరీదు ఉంటుంది. 2020లో కరోనా వేళ మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకునే వీలు దొరికింది, కానీ ఆ నెలల వడ్డీ ఆగలేదు.

గడువు పెంచుకోవడంలోనూ అప్పును బట్టి లాభనష్టాలు మారతాయి. 15 శాతం వడ్డీకి మూడేళ్ళ గడువుతో 3 లక్షల పర్సనల్ లోను తీసుకుంటే ఈఎంఐ దాదాపు 10,400 రూపాయలు. ఏడాది కట్టాక, మిగిలిన రెండేళ్ళను నాలుగేళ్ళు చేయించుకుంటే అది సుమారు 5,970కి దిగుతుంది. మొత్తం మీద అదనంగా కట్టేది దాదాపు 37 వేలు. కష్టకాలంలో ఇది భరించదగ్గ బేరం.

అదే 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళ గడువుతో తీసుకున్న 20 లక్షల గృహరుణం చూడండి. ఈఎంఐ దాదాపు 18,000. ఐదేళ్ళు కట్టాక, మిగిలిన 15 ఏళ్ళను 20 చేస్తే నెలకు తగ్గేది రెండు వేలే. అదనంగా పడేది మాత్రం 5.9 లక్షల దాకా ఉంటుంది. అందుకే ఇంటి అప్పుకు ముందుగా కొద్ది నెలల ఉపశమనం అడగండి. గడువు పెంచక తప్పకపోతే, కాస్త కుదుటపడగానే అసలు తగ్గించుకుంటూ రండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చినా అదనపు రుసుము ఉండదు.

నాలుగు మాటల్లో చెప్పండి

“మేడమ్, పోయిన నెల నా ఉద్యోగం పోయింది, ఇదిగో లేఖ. ఏడాదిగా ఒక్క వాయిదా తప్పలేదు. ఇప్పుడు నా భార్య జీతంతో నెలకు ఆరు వేలు కట్టగలం, అంతకుమించి మాటివ్వలేను. మిగిలిన గడువు నాలుగేళ్ళకు పెంచితే ఈఎంఐ దానికి సరిపోతుంది. ఇది మీ పరిధిలో లేకపోతే ఎవరిని కలవాలో చెప్పండి.”

ఇంతే. కారణం, రుజువు, మంచి రికార్డు, అంకె, కోరిక అన్నీ వచ్చేశాయి. కుదరదంటే గొంతు పెంచకండి. “ఏం చేస్తే కుదురుతుంది?” అని అడగండి. ఇదే విషయం అర్జీగా రాసిచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. ఈమెయిల్ కూడా పంపండి. ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా అందేదాకా పాత వాయిదాలే లెక్క. అప్పటిదాకా చేతనైనంత కడుతూనే ఉండండి. వసూలు ఏజెంటు నోటిమాటను నమ్మకండి, డబ్బు లోను ఖాతాలోకే కట్టండి.

సెటిల్‌మెంటుకు తొందరపడకండి

కొంత కట్టించుకుని మిగతాది వదిలేసే ఒప్పందం అన్ని దారులూ మూసుకున్నాక చూడాల్సింది. క్రెడిట్ రిపోర్టులో అది ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది, రేపు కొత్త అప్పుకు వెళ్తే అడ్డం తగులుతుంది. గడువు పొడిగించుకున్నా ఆ సంగతీ రిపోర్టుకు ఎక్కవచ్చు. కానీ నెలల తరబడి ఎగవేత నమోదు కావడం కంటే అది ఎంతో నయం. ఏ దారిలో అప్పు తీరినా నో డ్యూస్ సర్టిఫికెట్ చేతిలో పడేదాకా పని అయినట్టు కాదు.

మర్యాద మీ హక్కు

బాకీ ఉన్నంత మాత్రాన ఎవరి మాటలైనా పడక్కర్లేదు. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపే. బెదిరించడం, బంధుమిత్రుల ముందు అవమానించడం నిషిద్ధం. అలా జరిగితే తేదీ, సమయం, నంబరు రాసిపెట్టుకుని ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. ఖర్చేమీ ఉండదు. వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు.

పాత అప్పు తీర్చడానికి లోన్ యాప్‌లో కొత్త అప్పు మాత్రం చేయకండి. ఈ బాధను ఒక్కరే మోయకండి, ఇంట్లోవాళ్ళకు చెప్పండి. బతకాలనిపించని రాత్రి ఎదురైతే వెంటనే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు. ఏ అప్పుకైనా గడువు పెంచుకోవచ్చు, బేరమాడుకోవచ్చు. మీరు లేని లోటును మాత్రం మీ ఇంట్లో ఎవరూ పూడ్చలేరు.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. వచ్చే వాయిదా తేదీకి పది రోజుల ముందున్న పనిదినాన్ని గుర్తుపెట్టండి. ఈ రాత్రికి లెక్క రాసుకోండి, రేపు కాగితాలు సర్దుకోండి, ఆ రోజు పొద్దున్నే బ్రాంచికి వెళ్ళండి.