కొత్త ఇల్లు – పిలవకుండా వచ్చే పిల్లులు



కొత్త ఇంట్లో చేరడం ఎంతో సంతోషకరమైన సంగతి. అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించుకుంటాము, సామాన్లు సర్దుకుంటాము. వారం తిరిగేసరికి వంటింట్లో పాలగిన్నె బోర్లాపడి ఉంటుంది, గుమ్మం దగ్గర ఘాటైన వాసన వస్తుంది, అటక మీద పిల్లికూనల అరుపులు వినిపిస్తాయి. “పిల్లులే కదా” అని కొందరు ఊరుకుంటారు. మరికొందరు కోపంతో విషం పెట్టడానికి కూడా సిద్ధపడతారు. ఈ రెండూ ప్రమాదమే. ఎందుకో ఈ పాఠంలో తెలుసుకుందాము.

ఒక కుటుంబం అనుభవం

ఒకసారి ఆరేళ్ళ పాపను వాళ్ళ అమ్మమ్మ మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. వాళ్ళు కొత్తగా ఒక అద్దె ఇంటికి మారారు. ఆ ఇంటి మేడమెట్ల కింద ఒక పిల్లి పిల్లలు పెట్టింది. పాప ముచ్చటపడి కూనను ఎత్తుకోబోతే తల్లిపిల్లి చేతిని కరిచింది. తల్లి భయపడి గాయానికి పసుపు, కాఫీపొడి అద్దింది. వీధి చివర వైద్యుని దగ్గర టి.టి. ఇంజెక్షన్ వేయించింది. “ఇంజెక్షన్ అయిపోయింది కదా” అని నిశ్చింతగా ఉండిపోయారు. నాలుగో రోజున ఊరి నుండి వచ్చిన అమ్మమ్మ చేతి వాపు చూసి ఆసుపత్రికి తీసుకొచ్చింది.

నేను గాయం కడుగుతుంటే ఆమె అడిగింది: “సిస్టరమ్మా, పిల్లి కరిస్తే కూడా కుక్కకాటు సూదులు వేయాలా?”

“వేయాలమ్మా. పిల్లికి కూడా ఆ జబ్బు వస్తుంది” అన్నాను.

అప్పుడు ఆమె ముఖం నేను మరచిపోలేను. దేవుని కృప వలన ఆ పాపకు వ్యాధి రాలేదు. పూర్తి టీకాలు వేయించుకొని క్షేమంగా ఉంది. కాని ఆ నాలుగు రోజులు పోగొట్టుకోవలసిన రోజులు కావు. ఆ అమ్మమ్మ అడిగిన ప్రశ్నే ఈ పాఠానికి కారణం.

పిల్లులు ఎందుకు వస్తాయి?

పిల్లి మనిషి కంటే చోటును ఎక్కువగా అంటిపెట్టుకొని ఉంటుంది. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవారు అన్నం పెట్టి ఉంటే, వారు వెళ్ళిపోయినా పిల్లి అక్కడికే వస్తుంది. దాని దృష్టిలో అది దాని ఇల్లే, కొత్తగా వచ్చింది మీరు! ఇల్లు కొంతకాలం ఖాళీగా ఉంటే అటక, మెట్ల కింద, సన్‌షేడ్ మీద అది కాపురం పెడుతుంది. ఎలుకలు, చేపల తలకాయలు, మూతలేని చెత్తబుట్ట, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకకుప్ప దానిని రప్పిస్తాయి. గుమ్మం దగ్గర ఘాటైన వాసన సాధారణంగా గండుపిల్లి మూత్రానిది. “ఈ చోటు నాది” అని అది పెట్టే గుర్తు అది.

ఆడపిల్లి నాలుగైదు నెలల వయస్సుకే చూలు కట్టగలదు. సుమారు 9 వారాలకు పిల్లలను పెడుతుంది. కనుక ఈ రోజు ఒక్కటే అనుకున్నది ఏడాది తిరిగేసరికి గుంపు అవుతుంది.

ఇంటి చుట్టూ చేయవలసినవి

1. మొదట తిండి ఆపాలి. చేపలు, మాంసం శుభ్రం చేసిన వ్యర్థాలను కవరులో కట్టి మూత ఉన్న బుట్టలో వేయాలి. రాత్రి గిన్నెలు కడగకుండా వదలకూడదు. పాలు, కూరల మీద బరువైన మూత పెట్టాలి.

2. వంటింటి కిటికీలకు, గాలి కంతలకు ఇనుప జాలీ బిగించాలి.

3. ఇసుకకుప్పను టార్పాలిన్‌తో పూర్తిగా కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టాలి. పిల్లులు ఇసుకలో మలవిసర్జన చేస్తాయి. పిల్లలు వట్టి కాళ్ళతో అందులో ఆడితే కొంకిపురుగుల పిల్లలు చర్మంలో ప్రవేశించి, పురుగు పాకినట్లు ఎర్రని గీతలు, విపరీతమైన దురద వస్తాయి.

4. అటక, మెట్ల కింద భాగం మూసేముందు కూనలు ఉన్నాయేమో తప్పక చూడాలి. ఉంటే రెండు నెలలు ఓపిక పట్టండి. అవి పాలు మాని సొంతంగా తిరగడం మొదలుపెట్టిన తరువాత ఆ చోటును మూయండి. కూనల దగ్గరకు మీ పిల్లలను పోనివ్వకండి. కూనలున్న తల్లి తొందరగా కరుస్తుంది.

5. గండుపిల్లి గుర్తు పెట్టిన చోటును సబ్బునీళ్ళతో బాగా కడగాలి. వాసన పోకపోతే అది మళ్ళీ అక్కడికే వస్తుంది. పూలకుండీలలో బత్తాయి, నారింజ తొక్కలు వేస్తే చాలా పిల్లులు దూరంగా ఉంటాయి. కొన్ని నీళ్ళు చిలకరించినా చాలు. రాళ్ళు అవసరం లేదు.

6. పక్కింటివారు అన్నం పెడుతుంటే గొడవపడవద్దు. “పిన్నిగారూ, మీరు అన్నం పెట్టే పిల్లి మా అటక మీద పిల్లలు పెట్టింది. మనం కలిసి దానికి ఆపరేషన్ చేయిద్దామా?” అని నెమ్మదిగా అడగండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబీస్ టీకా గురించి దగ్గరలోని పశువైద్యుని అడగండి. అన్నిటికంటే నిలిచే పరిష్కారం ఇదే. పిల్లిని సంచిలో కట్టి ఊరి బయట వదిలితే కొద్దిరోజులకు ఆ ఖాళీలోకి ఇంకొకటి వస్తుంది.

చేయకూడనివి

ఎలుకల మందు కలిపిన అన్నం పెట్టకండి. ఆ అన్నం పసిపిల్లలకు అందవచ్చు. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు కొద్దిగా కడుపులోకి వెళ్ళినా కాలేయం పాడై ప్రాణం పోవచ్చు. మొదటి రోజు బిడ్డ బాగానే ఉన్నట్లు కనిపించి తరువాత విషమించడం దానిలోని మోసం. ఎప్పుడైనా అలా జరిగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి రండి.

కలరా ఉండలు కూడా మూలమూలల వేయకండి. పిల్లలు బిళ్ళలనుకొని మింగుతారు. కొందరి శరీరతత్వానికి అవి ఎర్ర రక్తకణాలను పగలగొట్టి పచ్చకామెర్లు, రక్తహీనత కలిగిస్తాయి. నేను కూడా క్వార్టర్స్ మారినప్పుడు తెలియక చిక్కని ఫినాయిల్ చల్లాను. పిల్లి పాదాలకు అంటి, అది నాకినప్పుడు విషమవుతుందని తరువాత తెలిసి బాధపడ్డాను.

మూగజీవాలు కూడా దేవుని సృష్టే. వాటిని హింసించడం మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

పిల్లి కరిచినా, రక్కినా ఏమి చేయాలి?

వెంటనే ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు గాయాన్ని కడగాలి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే 15 నిమిషాలు మనం అనుకున్నదానికంటే ఎక్కువసేపే. తరువాత పావిడోన్ అయోడిన్ మందు రాయాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి పెట్టకూడదు. కట్టు బిగించకూడదు. అదే రోజు ఆసుపత్రికి రావాలి.

టి.టి. ఇంజెక్షన్ ధనుర్వాతానికి మాత్రమే. అది రేబీస్‌ను ఆపలేదు. రేబీస్ టీకా వేరు. దానిని చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలో వేస్తారు. కండలోకి ఇచ్చే పద్ధతిలో 14వ రోజున కూడా ఒక మోతాదు ఉంటుంది. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఇవ్వాలి. బొడ్డు చుట్టూ 14 సూదులు అనే భయం వద్దు. ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 చివరిలోనే ఆపివేశారు. ఇప్పటి టీకాను చేతికి వేస్తారు. గర్భిణీలు, చంటిపిల్లలు కూడా వేయించుకోవచ్చు.

కరిచిన పిల్లిని వీలైతే 10 రోజులు గమనించండి. కాని దానికోసం టీకా ఆపకండి. రేబీస్ లక్షణాలు సాధారణంగా ఒకటి నుండి మూడు నెలల తరువాత బయటపడతాయి. బయటపడిన తరువాత దాదాపు ఎవరూ బతకరు. అందుకే గాయం మానిపోయిందని మరచిపోకూడదు. ఆలస్యమైందని సిగ్గుపడి మానకుండా, తెలిసిన రోజే రండి.

గర్భిణీలు, బలహీనంగా ఉన్న రోగులు

పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. గర్భవతికి అది మొదటిసారి సోకితే కడుపులోని బిడ్డ కంటికి, మెదడుకు హాని కలగవచ్చు. కేన్సర్ మందులు వాడుతున్నవారికి, కిడ్నీ మార్పిడి జరిగినవారికి, హెచ్.ఐ.వి. ఉన్నవారికి కూడా ప్రమాదమే. మీ రోగిని ఇంటికి తీసుకువెళ్ళే ముందే పెరడు శుభ్రం చేయించండి. ఆ పని గర్భిణీ గాని, రోగి గాని చేయకూడదు. చేసేవారు చేతి తొడుగులు వేసుకొని, ముందు తడిపి తీయాలి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఈ సూక్ష్మజీవి మలంలో అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుండి 5 రోజులు పడుతుంది. కనుక ప్రతిరోజు తీసివేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. ఆకుకూరలు బాగా కడగాలి, మాంసం పూర్తిగా ఉడికించాలి. పిల్లిని చూసినంత మాత్రాన ఈ జబ్బు రాదు, భయపడనవసరం లేదు.

చంటిబిడ్డ పక్కన వెచ్చదనం కోసం పిల్లి పడుకోవచ్చు. ఉయ్యాలకు దోమతెర కట్టండి, గది తలుపు వేయండి. పిల్లి ఉన్నప్పుడు ఆయాసం, తుమ్ములు ఎక్కువయ్యే ఉబ్బసం రోగి ఉంటే డాక్టరుగారికి చెప్పండి.

గుర్తుంచుకోండి

* తిండి, చోటు లేకుండా చేస్తే పిల్లి తనంతట తానే దూరమవుతుంది.
* విషం పెడితే అది మన బిడ్డల నోటికే చేరవచ్చు.
* పిల్లికాటు కూడా కుక్కకాటులాంటిదే: 15 నిమిషాలు కడగడం, అదే రోజు ఆసుపత్రి, పూర్తి టీకాలు.
* దెబ్బ తగిలిందని చెప్పిన బిడ్డను తిట్టకండి. తిడితే మరోసారి దాచిపెడతారు.

ఈ రాత్రి మీ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఒక్క మాట చెప్పండి: “పిల్లి గాని కుక్క గాని రక్కినా, కరిచినా వెంటనే నాతో చెప్పు, నేనేమీ అనను.” ఈ ఒక్క మాట ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు. మీ కొత్త ఇంటిని, అందులోని వారందరిని దేవుడు క్షేమంగా కాపాడును గాక.