నరం దెబ్బ తింటే

చేతి మీద నీలంగా కనిపించే గీతలను మనం నరాలంటాం. అవి నెత్తురు పారే గొట్టాలు. అసలు నరాలు పైకి కనిపించవు. లోపల తెల్లటి దారాల్లా ఉంటాయి. వేలికి వేడి తగిలిందని మెదడుకు కబురు చేర్చేవి అవే. పిడికిలి బిగించమని మెదడు చెప్పిన మాట చేతికి తెచ్చేవీ అవే.

నరాన్ని కరెంటు వైరుతో పోల్చుకోండి. పైన తొడుగు ఉంటుంది. లోపల సన్నటి తీగలు చాలా ఉంటాయి. నరానికి తగిలే దెబ్బలు మూడు రకాలని 1943లో సెడ్డన్ అనే ఇంగ్లండు డాక్టరు చెప్పాడు.

మొదటిది నొక్కుడు దెబ్బ. తీగలు తెగవు. కబురు మాత్రం ఆగిపోతుంది. కలుపు తీసేటప్పుడు గంటల కొద్దీ గొంతుక్కూర్చుంటాం కదా. మోకాలి పక్కన, కొంచెం కింద, చర్మాన్ని ఆనుకుని ఒక నరం ఉంది. అది నలుగుతుంది. లేచాక పాదం పైకి లేవదు. చెప్పు జారిపోతుంది. గాలి సోకిందంటారు. గాలీ లేదు, ధూళీ లేదు. నరం నలిగింది. చాలామందికి కొద్ది రోజుల్లో, కొందరికి రెండు మూడు నెలల్లో తగ్గుతుంది. అయినా డాక్టరుకు చూపించాలి. పనిలో మధ్య మధ్య లేచి నాలుగడుగులు వెయ్యండి. మేస్త్రీ కసురుకుంటే కసురుకోనివ్వండి.

రెండో రకంలో లోపలి తీగలు తెగుతాయి. పై తొడుగు నిలిచి ఉంటుంది. ఎముక విరిగినప్పుడు ఇలా కావచ్చు. తీగ ఆ తొడుగులోంచే మళ్లీ పెరుగుతుంది. రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. అంటే నెలకు 3 సెంటీమీటర్లు. పిల్లల స్కేలు తెచ్చి చూడండి. మణికట్టు నుంచి వేలి కొసకు 18 సెంటీమీటర్లుంటే ఎన్ని నెలలు? లెక్క కట్టండి. ఆరు నెలలు! నెల తిరగకుండానే గుణం లేదని ఆసుపత్రులు మార్చితే డబ్బు దండగ. పెరిగే చోట వేలితో తడితే జివ్వుమంటుంది. భయపడకండి. అది మంచి గుర్తు.

మూడోది, నరం మొత్తం తెగిపోవడం. కొడవలి, కత్తిపీట, గాజుపెంకు చేసే పని ఇది. కొసలు వాటంతట అవి కలవవు. ఆపరేషను చేసి కుట్టాలి. ఎంత తొందరగా కుడితే అంత మంచిది. మనం పసుపు అద్ది గుడ్డ కడతాం. లేదా పైన చర్మానికి నాలుగు కుట్లు వేయించుకుని వస్తాం. గాయం మానుతుంది. వేలు మొద్దుగానే ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర వదిలేస్తే కండ ఎండిపోతుంది. అప్పుడు నరం కుట్టినా చెయ్యి మునుపటిలా పనిచెయ్యదు.

అందుకని చెయ్యి తెగితే ముందు శుభ్రమైన గుడ్డతో అదిమి నెత్తురు ఆపండి. వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. దారిలో కళ్లు మూసుకుని, పక్కనున్నవాళ్లను ఒక్కో వేలి కొస ముట్టుకోమనండి. తెలుస్తోందా? వేళ్లు ముడవగలుగుతున్నారా, చాపగలుగుతున్నారా? తేడా ఉంటే, కుట్లు వేసే ముందే చెప్పండి. "డాక్టరుగారూ, ఈ వేలికి స్పర్శ లేదు" అనండి. ఆయన అడగలేదని ఊరుకోవద్దు. నరం కుట్టే వీలు అక్కడ లేకపోతే పెద్దాసుపత్రికి రాసిమ్మనండి.

నరం కుట్టాక కూడా నెలల తరబడి ఆ వేలికి వేడి తెలియదు. కమురు వాసన వస్తే గాని కాలిన సంగతి తెలియదు. గిన్నె దించేటప్పుడు మసిగుడ్డ మరవకండి. రోజూ రాత్రి పడుకునే ముందు వేళ్లు చూసుకోండి, బొబ్బలున్నాయేమో. కట్టు విప్పి డాక్టరు సరేనన్నాక, రెండో చేత్తో ఆ వేళ్లను నెమ్మదిగా వంచుతూ చాపుతూ ఉండండి. లేకపోతే నరం పెరిగి వచ్చేసరికి కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి.